నా 24.6 దొంగ తూకం

పోయిన ఉగాదికి అనకాపల్లిలో మా అత్తారింట్లో, పులిహోర రెండోసారి వడ్డించుకున్న ఊపులో నోరు జారాను. "వచ్చే ఉగాదికల్లా నా హ్యాండీక్యాప్ సింగిల్ డిజిట్" అన్నాను. గోల్ఫ్‌లో ఆరితేరినవాడి కన్నా మనం ఎన్ని దెబ్బలు ఎక్కువ కొడతామో చెప్పే అంకె అది. మా బావమరిదికి గోల్ఫ్ తెలీదు. సింగిల్ డిజిట్ మాత్రం బాగా తెలుసు, వాడి ఇంటర్ లెక్కల మార్కుల పుణ్యమా అని.

"ఇప్పుడెంత బావా?"

"ఇరవై నాలుగు పాయింట్ ఆరు."

"పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా?"

"తగ్గితే."

"షుగర్ లాగన్నమాట" అని బూరెల ప్లేటు నా ముందు నుంచి లాగేసుకున్నాడు.

అందరి ముందూ అన్న మాట కదా, ఇంక వెనక్కి తీసుకోలేం. ఆ రాత్రి అనకాపల్లి నుంచి వైజాగ్ వస్తుంటే దారంతా నా బుర్రలో ఒకటే నడిచింది: వారానికి రెండు రౌండ్లు, కొత్త డ్రైవరు (బంతిని దూరంగా బాదే కర్ర), ఏడాదిలో తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఏడాది తిరిగింది. ఏమైందో రాస్తాను. సింగిల్ డిజిట్ కాలేదని ముందే చెప్పేస్తున్నా, ఆ ఆశతో చదవకండి.

నాకు 49 ఏళ్లు. హార్బర్లో క్లియరింగ్ ఏజెంటుని. షిప్పు ఎప్పుడొస్తే అప్పుడే తెల్లారుతుంది మాకు. గోల్ఫ్ మొదలెట్టింది 44లో, అదీ డాక్టరు నడవమన్నాడని. ఎంవీపీ కాలనీ నుంచి హనుమంతవాక జంక్షన్ దాటి, ఆరిలోవ మీదుగా ముడసర్లోవ వైపు తెల్లారకుండా బండి పోనిస్తే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. ముడసర్లోవ రిజర్వాయరు మీద 2018లో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్లు నీళ్లలో తేలే సోలార్ పలకలు పరిచారు. పొద్దున్నే ఆ పక్కగా వెళ్తూ నా బంతి కూడా ఇలా తేలితే ఎంత బాగుణ్ణు అనుకోని రోజు లేదు.

ఆట తెలియని వాళ్ల కోసం కొంచెం లెక్క చెప్పాలి. తెలిసిన వాళ్లు కూడా చదవండి, ఎందుకంటే మా ఆదివారం బ్యాచ్‌లో పదిహేనేళ్లుగా ఆడుతున్న వాళ్లకి కూడా ఇది సరిగ్గా తెలీదు. హ్యాండీక్యాప్ అంటే మన స్కోర్ల సగటు అనుకుంటారు చాలామంది. కాదు. 2020లో వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్ అని దేశదేశాల పద్ధతులన్నీ తీసుకొచ్చి ఒక్క గాటన కట్టారు. దాని ప్రకారం మనం చివరగా ఇచ్చిన 20 కార్డుల్లో (ఒక్కో కార్డు ఒక రౌండు స్కోరు) మంచివి 8 తీసుకుని వాటికి సగటు కడతారు. మిగతా 12 ఎంత ఘోరంగా ఉన్నా లెక్కలోకి రావు. అంటే అది మన మంచి రోజుల సగటు. నాకు 24 హ్యాండీక్యాప్ అంటే రోజూ దాని ప్రకారం ఆడేస్తానని కాదు, బాగా ఆడిన రోజున అలా ఆడతానని.

ఒక్కో కార్డునీ స్కోరుతో కాకుండా డిఫరెన్షియల్ అనే అంకెతో లెక్కేస్తారు. స్కోర్లోంచి, అంటే రౌండులో కొట్టిన మొత్తం దెబ్బల్లోంచి, కోర్సు రేటింగు తీసేసి, 113తో గుణించి, స్లోప్‌తో భాగిస్తే అది వస్తుంది. రేటింగు అంటే ఆరితేరిన ఆటగాడు ఆ కోర్సులో ఎంత కొట్టాలో ఆ అంకె. స్లోప్ అంటే మనలాంటి వాళ్లకి అదే కోర్సు ఇంకెంత ఎక్కువ కష్టమో చెప్పేది. అది 55 నుంచి 155 దాకా ఉంటుంది, మామూలు కోర్సుకి 113 అని పెట్టుకున్నారు. ఉదాహరణకి ఒక కోర్సు రేటింగు 71, స్లోప్ 120 అనుకోండి. నేను 98 కొడితే 27 మిగిలింది. 27ని 113తో గుణించి 120తో భాగిస్తే 25.4. అదీ ఆ రోజు నా కార్డు విలువ.

ఇప్పుడు నా ఉగాది శపథాన్ని ఇందులో పెట్టి చూడండి. 24.6 నుంచి 9.9కి రావాలంటే నా మంచి కార్డులు ఎనిమిదీ సగటున 15 దాకా తగ్గాలి. ఉన్నవేమో 18 హోళ్లు. దాదాపు ప్రతి హోల్లోనూ ఒక దెబ్బ మిగుల్చుకోవాలి, అదీ ఇప్పటికే బాగా ఆడిన రోజుల మీద. ఈ లెక్క ఉగాది రోజునే వేసుకుని ఉంటే నోరు మూసుకుని బూరెలు తినేవాణ్ణి. అమెరికాలో హ్యాండీక్యాప్ ఉన్న మగవాళ్ల సగటే 14 చిల్లర. చిన్నప్పట్నుంచీ ఆడిన వాళ్లు, ఊరికి నాలుగు కోర్సులున్న వాళ్లు కూడా కలిస్తే అంత. నేను 44లో భుజం నొప్పితో మొదలెట్టినవాణ్ణి.

ఈ జ్ఞానం నాకు జూన్‌లో వచ్చింది. రెండు నెలలు కొత్త డ్రైవరుతో బాదీ బాదీ అంకె అంగుళం కదలకపోతే, ఆఫీసులో వాడే పొడుగాటి నోట్‌బుక్ ఒకటి తీసుకుని బ్యాగులో పడేశాను. పది రౌండ్లు మూడే మూడు విషయాలు గీతలు పెట్టి లెక్కపెట్టాను: గ్రీను (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మూడు పట్‌లు (బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బలు) ఎన్ని హోళ్లలో పడ్డాయి, పెనాల్టీ దెబ్బలు (బంతి పోతే అదనంగా పడేవి) ఎన్ని, గ్రీను పక్కనే ఉండి కొట్టిన చిప్ (బంతిని కాస్త లేపే చిన్న దెబ్బ) కదలకుండా అక్కడే కూర్చున్నవి ఎన్ని. పది రౌండ్లయ్యాక కూడితే త్రీ-పట్‌లు 47, పెనాల్టీలు 38, పనికిరాని చిప్‌లు 52. అంటే రౌండుకి దాదాపు 14 దెబ్బలు ఈ మూడు చోట్లే గంగలో కలుస్తున్నాయి. డ్రైవరు దూరం పెంచుదామని నేను కిస్తీ కడుతున్నాను!

అయితే ఇంకో ముక్క కూడా చెప్పాలి. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్లు లెక్కగట్టి తేల్చింది ఏంటంటే, ప్రొఫెషనల్‌కీ మామూలు ఆటగాడికీ ఉన్న తేడాలో మూడింట రెండు వంతులు వంద గజాల అవతల నుంచి కొట్టే షాట్లలోనే ఉందట. అది చదివి మా బ్యాచ్‌లో ఒకాయన "చూశావా, డ్రైవరే ముఖ్యం" అన్నాడు. నిజమే. కానీ నా నోట్‌బుక్ ప్రకారం నా డ్రైవరు జబ్బు దూరం తక్కువవడం కాదు, బంతి పొదల్లోకి పోవడం. ఆ 38 పెనాల్టీల్లో 29 డ్రైవరు ఖాతావే. దూరం పెంచితే బంతి ఇంకా లోపలి పొదల్లోకి పోతుందంతే.

అసలు దెబ్బ ఇది కాదు.

జులైలో ఒక ఆదివారం మా నలుగురిలో ఒకరు రాలేదు. ఆ ఖాళీలో ఒక నేవీ ఆయన కలిశాడు, సన్నగా పొడుగ్గా, పెద్దగా మాట్లాడని మనిషి. మొదటి హోల్లో నా బంతి కప్పుకి రెండున్నర అడుగుల్లో ఆగింది. అలవాటుగా మావాడు "ఇచ్చేశాం, తీసెయ్" అన్నాడు, అంటే వెయ్యకుండానే పడినట్టు లెక్క. నేను వంగి బంతి తియ్యబోతున్నా. నేవీ ఆయన ఏమీ అనలేదు. తన మూడడుగుల పట్ దగ్గర కూర్చుని, వాలు చూసుకుని, నెమ్మదిగా వేశాడు. రెండో హోల్లోనూ అంతే. మూడో హోల్లో నాకే సిగ్గేసి "నేను కూడా వేస్తాను" అన్నాను. వేశాను. పోయింది. ఆ రోజు నేను "ఇచ్చేశాం" అనిపించుకోకుండా వేసిన చిన్న పట్‌లు 11, అందులో పడనివి 4.

ఇంటికొచ్చి కూర్చుంటే మా పనిలో జరిగేదొకటి గుర్తొచ్చింది. కంటైనరు బరువు తక్కువ చూపించి పంపుతారు కొందరు. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. తూకం కాటా మీదకి ఎక్కాక బండారం బయటపడుతుంది. నా 24.6 అలాంటిదే. ఏళ్ల తరబడి ఆదివారం కార్డుల్లో నాలుగేసి దెబ్బలు ఫ్రెండ్స్ దానం చేసినవి. స్ట్రోక్‌ప్లేలో, అంటే దెబ్బలన్నీ లెక్కపెట్టే ఆటలో, బంతి కప్పులో పడాల్సిందే, ఇచ్చేయడాలు లేవు. ఇది మాకెవరికీ తెలీదని కాదు. తెలిసీ పొద్దున్నే అంత పట్టింపు ఎందుకులే అని.

అప్పట్నుంచి ప్రతి పట్ వేశాను. మావాళ్లు "ఏంటయ్యా నీ చాదస్తం" అని రెండు వారాలు విసుక్కుని మానేశారు. శ్రావణం వచ్చేసరికి నా హ్యాండీక్యాప్ 24.6 నుంచి 26.1కి పెరిగింది. సింగిల్ డిజిట్‌కి బయల్దేరినవాణ్ణి ఎదురు దిక్కున వెళ్తున్నాను. బోగీ అంటే హోలుకి పెట్టిన లెక్క (పార్) కన్నా ఒక దెబ్బ ఎక్కువ. మా ఆవిడ కార్డు చూసి, "డబుల్ బోగీ, ట్రిపుల్ బోగీ, మళ్లీ డబుల్ బోగీ... గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి కూడా ఇన్ని బోగీలుండవండీ" అంది.

కానీ ఒక విషయం. ఆ 26.1 చూసుకున్న రోజు నాకు బాధ వెయ్యలేదు. కాటా మీద నిలబడ్డాను, ఇదీ నా బరువు. తగ్గించడం ఏదైనా ఉంటే ఇక్కణ్ణుంచే.

అప్పుడు లక్ష్యం మార్చాను. హ్యాండీక్యాప్ అంకెని లక్ష్యంగా పెట్టుకోవడం మానేశాను, ఎందుకంటే అది నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది నోట్‌బుక్. త్రీ-పట్‌లు రౌండుకి రెండు దాటకూడదు, పెనాల్టీలు రెండు దాటకూడదు. చిప్‌కి మాత్రం పెట్టిన షరతు నవ్వొచ్చేంత చిన్నది: బంతి గ్రీను మీద ఎక్కడైనా సరే ఆగాలి. కప్పు పక్కన కాదు, గ్రీను మీద. ఇవి చాలు, ఉగాది దాకా ఇంకేం కొత్తవి కలపకూడదు అనుకున్నాను.

పట్టింగ్ గురించి నాకున్న భ్రమ ఒకటి ఇక్కడే వదిలింది. పీజీఏ టూర్‌లో, ఆట తప్ప వేరే పని లేని ప్రొఫెషనళ్లే ఎనిమిది అడుగుల నుంచి వేస్తే దాదాపు సగమే పడతాయి. నేను పదిహేను అడుగుల పట్ పోతే తల కొట్టుకునేవాణ్ణి! అది పడాలని కోరుకోవడమే తప్పు. అది కప్పుకి మూడడుగుల్లో ఆగాలి, తర్వాత మూడడుగులది పడాలి. అంతే. రాత్రి భోజనాలయ్యాక హాల్లో తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి మూడడుగుల నుంచి రోజూ యాభై. గ్లాసులో బంతి పడిన ప్రతిసారీ ఠంగుమంటుంది. మొదటి వారం కింద ఫ్లాట్ వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను. గ్లాసులో చేతిరుమాలు కుక్కాక ఊరుకున్నారు.

హోల్లో ఎలా ఆడాలన్నది మాత్రం నేర్పింది మా క్యాడీ, అంటే బ్యాగు మోస్తూ సలహా చెప్పేవాడు. ఆరిలోవ కుర్రాడు, పాతికేళ్లుండవు, ఆ కోర్సులో గడ్డిపోచ గడ్డిపోచా తెలుసు. అక్కడ ఒక పొడుగాటి పార్ 4 ఉంది. ఎప్పుడూ నా కొంప ముంచేది అదే. డ్రైవరు బాదడం, పొదలు, అందులోంచి వీరోచితంగా ఇంకోటి బాదడం, మళ్లీ పొదలు. ఓ రోజు అక్కడ తొమ్మిది కొట్టి చిర్రెత్తి నిలబడితే అన్నాడు:

"సార్, ఇది నాలుగు అని మీకెవలు సెప్పారు?"

"బోర్డు మీద ఉంది కదయ్యా."

"అది పెద్దోలకి. మీకు ఇక్కడ రెండు స్ట్రోకులు ఒస్తాయి కదండి. మీకు ఇది ఆరు. ఆరనుకోని ఆడండి, ఏటవుద్దో సూద్దాం."

పక్కా లెక్క. హ్యాండీక్యాప్ అనేదే కష్టమైన హోళ్లలో నాకు దెబ్బలు ఇస్తుంది. ఆ హోల్లో నాకు రెండు ఇస్తుంది. అంటే నా పార్ ఆరు. ఆరులో అయితే డ్రైవరెందుకు? అప్పట్నుంచీ ఆ హోల్లో హైబ్రిడ్‌తో (డ్రైవరు కన్నా పొట్టి కర్ర) మొదలుపెడతాను, మళ్లీ హైబ్రిడ్, తర్వాత వెడ్జ్ (దగ్గర దెబ్బలకి వాడే కర్ర), గ్రీను మీద రెండు. అయిదు. ఎప్పుడైనా చిప్ పాడైతే ఆరు. తొమ్మిది మాత్రం మళ్లీ రాలేదు. హ్యాండీక్యాప్ లెక్కలో ఒక హోలుకి గరిష్ఠంగా నెట్ డబుల్ బోగీ (పార్, మనకొచ్చే స్ట్రోకులు, ఇంకో రెండు) వరకే రాస్తారు, అంటే అక్కడ నా తొమ్మిదిని ఎనిమిదికి కోసేస్తారు. అయినా ఎనిమిదికీ అయిదుకీ తేడా మూడు. పోయిన ఏడాది నేను కొన్న డ్రైవరు నాకు ఇన్నాళ్లలో మూడు మిగిల్చిందా? అడక్కండి.

ఇక్కడ వైజాగ్ ఓపెన్ టోర్నీ జరిగినప్పుడు తాడు ఇవతల నిలబడి ఒక ప్రొఫెషనల్‌ని చూశాను. బంతి చెట్ల కిందకి పోయింది. నేనైతే కొమ్మల సందులో కనిపించిన పావలా బిళ్లంత ఆకాశం లోంచి గ్రీను వైపు బాదేవాణ్ణి. అతను అసలు అటు చూడనే లేదు. పక్కకి, ఫెయిర్‌వే (మధ్యలో కోసిన గడ్డి దారి) మీదకి, ఏమాత్రం గౌరవం లేని ఓ చిన్న చిప్. బోగీతో బయటపడ్డాడు. అతనికి ఆ షాటు రాక కాదు.

మన ఊరి వాతావరణం సంగతి కూడా లక్ష్యంలో కలుపుకోవాలి, యూట్యూబ్‌లో చెప్పేవాళ్లకి ఇది తెలీదు. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటితే ఉక్కకి గ్రిప్ చేతిలో జారిపోతుంది, పదింటికి సముద్రపు గాలి మొదలవుతుంది. వానల్లో గ్రీన్లు మందంగా మారి పట్‌లన్నీ ఓ అడుగు ఇవతలే ఆగిపోతాయి. అక్టోబర్ అంటే తుపాను భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో కొండలు ఏ రంగులో మిగిలాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంక ఆడుకోవడానికి తీరుగా ఉండేది కార్తీకం నుంచి మాఘం దాకానే. అందుకని ఎండాకాలంలో, వానాకాలంలో అంకె తగ్గాలని కోరుకోవడం మానేశాను. పెరగకుండా ఉంటే చాలు.

కార్తీకంలోనే పడింది నా గొప్ప కార్డు. దీపావళి వెళ్లిన రెండో ఆదివారం, గాలి లేదు, మంచు తడి ఆరిపోయింది, ఒక్క త్రీ-పట్ లేదు. డిఫరెన్షియల్ 17.9. అప్పటికి నా అంకె 24.4. ఇంకో అర తగ్గి తేడా 7.0 అయ్యుంటే దాన్ని ఎక్సెప్షనల్ స్కోరు అని సిస్టమ్ అదనంగా ఇంకో 1 కోసేసేది. ఆ ఒక్క కార్డు ఆసరాగా సంక్రాంతి దాటేసరికి 22.3కి దిగాను. కనుమ రోజు మా బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మాఘం చివర్లో ఓ ఆదివారం బాగానే ఆడాను. డిఫరెన్షియల్ 23.5, నా స్థాయికి శుభ్రమైన రౌండు. సాయంత్రం యాప్ తెరిస్తే 22.3 కాస్తా 23.0 అయి కూర్చుంది. బాగా ఆడితే పెరగడమేంటి? పావుగంట ఫోన్ని తిట్టుకుని, తర్వాత కార్డులన్నీ కింద నుంచి చూసుకుంటే దొరికింది. ఇది కార్తీకం కార్డు తర్వాత ఇరవయ్యోది. కొత్తది ఒకటి లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోవాలి కదా. ఆ పోయింది నా 17.9. దాని స్థానంలో ఎనిమిదిట్లోకి వచ్చింది 23.5. తేడా 5.6, ఎనిమిదితో భాగిస్తే 0.7. ఇన్నాళ్లూ ఒక మంచి ఆదివారం నన్ను మోస్తోంది, దాని డ్యూటీ అయిపోయింది, దిగిపోయింది.

చాలామంది ఇక్కడే మనసు విరిచేసుకుంటారు. మా బ్యాచ్‌లో ఒకాయన ఇలాగే జరిగితే కోచ్‌ని మార్చాడు, తర్వాత కర్రల సెట్టు మార్చాడు. ఆయన ఆటలో ఏ మార్పూ లేదు పాపం, ఒక పాత కార్డు రాలిపోయిందంతే. అప్పట్నుంచీ నేను యాప్‌లో పైనున్న పెద్ద అంకె కన్నా ముందు అడుగున ఉన్న కార్డు చూస్తాను: రాలిపోబోయేది ఎనిమిదిట్లో ఉన్నదా, కాదా.

ఈ ఉగాదికి 22.4. నోట్‌బుక్‌లో ఆఖరి పది రౌండ్లు: త్రీ-పట్‌లు 24, పెనాల్టీలు 21, పాడైన చిప్‌లు 33. రెండు దాటకూడదు అనుకున్నవి రెండూ కొంచెం దాటాయి. చిప్‌ల సంగతి ఇంకా బాగోలేదు, ఒప్పుకుంటాను. అనకాపల్లిలో మా బావమరిది మర్చిపోతాడనుకున్నా. వాడు మర్చిపోయే రకమైతే నాకీ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

"ఎంతకొచ్చింది బావా?"

"ఇరవై రెండు పాయింట్ నాలుగు."

"ఏడాదంతా తిరిగి తిరిగి రెండా!"

దొంగ తూకం, అసలు తూకం, 26.1, ఇరవై కార్డులు, అన్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఇరవై కార్డులంటే నాకు దాదాపు మూడున్నర నెలల ఆట అని కూడా చెప్పాను. వాడు ఆలోచించి, "హెచ్‌బీఏవన్‌సీ లాగన్నమాట. మూణ్ణెల్లది చూపిస్తుంది" అన్నాడు. వాడి దృష్టిలో లోకంలో ఉన్నది షుగరు ఒక్కటే. అయినా మా ఆదివారం బ్యాచ్ కన్నా బాగా అర్థం చేసుకున్నాడు. వచ్చే ఉగాదికి ఎంత అని అడిగితే, రౌండుకి పాడైన చిప్‌లు రెండు అని చెప్పాను. దాని మొహం ఎలా ఉంటుందో వాడికి తెలీదు కాబట్టి ఊరుకున్నాడు.

రేపు ఆదివారం. నా అడుగున ఉన్న కార్డు 27.3, ఎనిమిదిట్లో లేనిది. కాబట్టి రేపు ఎంత చెత్తగా ఆడినా అంకె పెరగదు. ఇందాకే క్యాడీకి ఫోన్ చేసి ఆరింటికి వస్తానన్నాను. "ఆరేటి సార్, అయిదున్నరకి బేగొచ్చేయండి. ఎండ ముదిరిపోతంది" అన్నాడు.